గొంతుజల్లెడ

ఫిబ్రవరి రెండో మంగళవారం ఉదయం ఎనిమిదింటికి లహరి బడికి వెళ్తూ ఇంటి ముందుగదిలోని కుట్టు కొట్టు గుమ్మంలో ఆగి తల్లితో ఏదో చెప్పింది. శేషుకుమారి జాకెట్టుకు చేతులు అతుకుతోంది. కూతురి పెదవులు కదలడం చూసింది. మాట వినపడలేదు.

మిషన్ ఆపి, “ఏంటే?” అంది.

లహరి మళ్లీ చెప్పింది. ఈసారి శేషుకుమారికి “బుధవారం” అన్న ముక్క ఒక్కటే అందింది. దానికి ముందు ఏమీ లేదు, తర్వాతా లేదు. వీధిలో ఆటో హారన్ వినపడింది. పక్కింటి పంపు వినపడింది. ఎదురింటివాళ్లు కుక్కని తిట్టడం వినపడింది.

“ఆటలా? పెదాలు ఊరికే ఆడిస్తన్నావా?”

లహరికి పదకొండేళ్లు, ఆరో తరగతి. నిద్రలో తప్ప మాట ఆపని పిల్ల. తల్లి మొహంలోకి కాసేపు చూసి, సంచీలోంచి రఫ్ పుస్తకం తీసి, ఒక కాగితం చింపి, రాసి ఇచ్చింది. ‘రేపు బుధవారం డ్రాయింగ్ పోటీ. చార్టు కావాలి. నీ చెవులకి ఏమైంది?’

శేషుకుమారి రెండు చెవుల వెనకా తడుముకుంది. శనగగింజంత బిళ్లలు రెండూ ఉన్న చోటే ఉన్నాయి.

వాటి పేరు గొంతుజల్లెడ. పెట్టుకున్నవాళ్లు జల్లెడ అనే అంటారు. లోకంలో ఒక్క మనిషి గొంతును పట్టి ఆపి, మిగతా చప్పుళ్లన్నిటినీ లోపలికి వదలడం దాని పని. ముందుగా ఆ మనిషి మాటో పాటో ఏడు నిమిషాలకు తగ్గకుండా దానికి వినిపించాలి. అతని నాలుక, అంగిలి, ముక్కు లోపలి గదులు ఏ ఆకారంలో ఉన్నాయో అది లెక్క కట్టుకుంటుంది. ఆపైన ఆ మనిషి అరిచినా గొణిగినా పాడినా చెవిదాకా రానివ్వదు. పెట్టుకున్నవాళ్ల సొంత గొంతు దవడ ఎముక గుండా వస్తుంది కాబట్టి దాన్ని ముట్టుకోదు. మంగళగిరిలో ఒక చిన్న ప్రయోగశాలలో డాక్టర్ ఫర్జానా దీన్ని తయారుచేసింది. అప్పటికి అరవైముగ్గురు వాడుతున్నారు. అరవైముగ్గురికీ ఆపాల్సిన గొంతు ఇంట్లోవాళ్లదే.

శేషుకుమారి ఆపుకున్నది తండ్రి గొంతు.

జంపని రాఘవులు పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. తెనాలి చుట్టుపక్కల ఆయన పద్యానికి వన్స్‌మోర్ పడని రాత్రి లేదని చెప్పుకుంటారు. ఆయన పాడినవాటిలో మిగిలింది ఒకే క్యాసెట్. ఒక నాటక పరిషత్తులో మైకువాళ్లు పట్టింది, పదకొండు నిమిషాలు. ఒక పద్యం, చివర రాగం, జనం వన్స్‌మోర్ కొట్టాక మళ్లీ అదే పద్యం, మళ్లీ రాగం.

ఇంట్లో ఆయన కూతుర్ని కొట్టేవాడు. ఆమె ఐదో ఏట తల్లి పోయింది, అడ్డం వచ్చేవాళ్లు లేరు. వేషానికి నడుముకు కట్టే పట్టీతో కొట్టేవాడు. దానికి ఇత్తడి బిళ్లలుండేవి. ఆ బిళ్లల గుర్తులు నాలుగు ఆమె వీపు మీద ఇప్పటికీ ఉన్నాయి. పదహారో ఏట ఆమె బాపట్లలో పిన్ని దగ్గరికి పారిపోయి కుట్టుపని నేర్చుకుంది, ఆయన పోయాకే పెళ్లి చేసుకుని సొంతూరికి తిరిగి వచ్చింది. రాఘవులు పోయి పధ్నాలుగేళ్లయింది. ఊళ్లో మాత్రం పోలేదు. కిష్టయ్య టీ కొట్టులో పొద్దున్నే ఆ క్యాసెట్ మోగేది. చవితి పందిట్లో మోగేది. వచ్చినవాళ్లు జాకెట్టు కొలతలిస్తూ, ‘మీ నాన్నగారి పద్యం నా ఫోన్లో పెట్టుకున్నానమ్మాయ్, విను’ అని వినిపించేవారు.

తొమ్మిదేళ్ల కిందట ఒక రోజు టీ కొట్టులో క్యాసెట్ మొదలైనప్పుడు ఆమె చెయ్యి అదిరి సూది బొటనవేలి గోటిలోంచి దిగింది. ఒళ్లో రెండేళ్ల లహరి ఉంది. ఆ వారమే ఆమె మంగళగిరి వెళ్లింది. ఆ తర్వాత టీ కొట్టువైపు నుంచి ఆమెకు గ్లాసుల చప్పుడూ హార్మోనియమూ మాత్రమే వస్తున్నాయి.

*

ఆమె భర్త ఫణి కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఫిబ్రవరి నెలాఖరుకు లహరి మాట పూర్తిగా మాయమైంది. అప్పట్నుంచి ఆయన ఇంట్లో దుబాసీ పని కూడా చేస్తున్నాడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర లహరి ఏదో అంది.

“ఏమంటోంది?” అంది శేషుకుమారి.

“చారు బాగుందంటోంది.”

లహరి మొహంలో చారు బాగున్న జాడ లేదు.

“నిజం చెప్పండి.”

“బానే ఉందంట. చింతపండు కాస్త తగ్గిస్తే ఇంకా బాగుండిద్దంట.”

లహరి తల అడ్డంగా ఊపి, చారు గిన్నె చూపిస్తూ ఇంకా పొడుగ్గా చెప్పింది. ఫణి తల వంచుకుని నవ్వాడు.

“అదేంటో నేను చెప్పను. నాకింకా ముప్పయ్యేళ్లు ఈ ఇంట్లో అన్నం తినాలనుంది.”

శేషుకుమారి కూడా నవ్వింది. నవ్వుతూనే కూతురి నోటికేసి చూసింది. ఏదైనా ఒక్క ముక్క జారి వస్తుందేమో అని. రాలేదు.

మరుసటి వారం ముగ్గురూ మంగళగిరి వెళ్లారు. ఏడు నిమిషాలు మాట్లాడమని ఫర్జానా లహరిని మైకు ముందు కూర్చోబెట్టింది. లహరి ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడింది. చివరికి ఫర్జానా లేచి మైకు ఆపాల్సి వచ్చింది.

“జల్లెడ బాగానే ఉంది శేషుగారూ,” అంది ఫర్జానా. “అదే చిక్కు. అందులో ఉన్న నమూనాతో మీ అమ్మాయి గొంతు నూటికి తొంభైమూడు పాళ్లు కలుస్తోంది. అందుకని ఆపేస్తోంది.”

“అంటే దానికి మా నాన్న గొంతొచ్చింది.”

“మనవరాలు కదండీ. ముక్కు వస్తుంది, గొంతూ వస్తుంది. ఎదిగేకొద్దీ దగ్గర పడి ఉంటుంది.” ఫర్జానా కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఒక్కసారి తీసేసి వినండి. ఇక్కడ నేనుంటాను. మీవారున్నారు.”

శేషుకుమారి వద్దంది. ఎందుకు వద్దందో తిరుగు బస్సులో, లహరి కిటికీ పక్కన నిద్రపోయాక, భర్తకు చెప్పింది.

“అది మాట్లాడతంటే నాకు ఆయన వినపడితే? చెయ్యి అదిరితే? వెనక్కి జరిగితే? అది చూసిద్ది కదండీ.”

ఫణి కూతురి తలకూ కిటికీకీ మధ్య తువ్వాలు మడిచి పెట్టాడు.

“వినపడలేదంటే అమ్మకి చెవుడు అనుకుంటది. నన్ను చూసి అమ్మ భయపడతంది అనుకోకూడదు.”

*

లహరికి విషయం చెప్పాల్సి వచ్చింది. తాత అమ్మను కొట్టేవాడని ఆ పిల్లకు ముందే తెలుసు. గొంతు సంగతి విన్నాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తండ్రిని అడిగింది.

“నాన్నా, నాది తాత గొంతంట కదా. వేరేది పెట్టుకోవచ్చా?”

“గొంతేమన్నా బల్బా, మార్చడానికి?”

లహరి ఆ మాటను అక్కడితో వదల్లేదు. కాకి గొంతుతో మాట్లాడింది. వార్తలు చదివే ఆయనలా మాట్లాడింది. గిన్నెలో తలపెట్టి మాట్లాడింది. ప్రతిదానికీ తల్లి ముందు నిలబడి వేళ్లెత్తి అడిగేది, ఎన్ని ముక్కలు వినపడ్డాయని. కాకికి సున్నా. గిన్నెకు ఒకటి. నోటినిండా జంతికలు పెట్టుకుంటే మూడు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం రెండు వేళ్లతో ముక్కు మూసుకుని అంది. “అమ్మా, ఆకలేస్తంది.”

శేషుకుమారి చేతిలో కత్తెర కింద పెట్టింది. “ఆకలేస్తందా?”

జల్లెడ లెక్క కట్టుకున్నది ముక్కు లోపలి గదులను కూడా. అవి మూసుకుంటే లెక్క తప్పేది, పదిలో నాలుగైదు మాటలు దాటి వచ్చేవి. ఆ రోజు నుంచి లహరి తల్లితో ముక్కు మూసుకునే మాట్లాడింది. కొట్టుకు వచ్చేవాళ్లు మొదట వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు. ఎదురింటి పిల్లలు తమ తల్లులతో అలాగే మాట్లాడి దెబ్బలు తిన్నారు. లహరి రెండు విధాలూ వాడుకుంది. వినిపించాల్సిన మాటకు ముక్కు మూసేది. వినిపించకూడని మాటకు వదిలేసేది. జూన్‌లో ఒకసారి కాకరకాయ కూర గురించి తల్లి ఎదురుగా నిలబడి రెండు నిమిషాలు మాట్లాడితే, కొలతలిస్తున్న ఒకావిడ గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇలా సాగిపోయేదే. ఆగస్టు ఆఖరి శనివారం లహరి లోపలుండగా స్నానాలగది గడియ పట్టేసింది.

గది పెరట్లో ఉంది. కొట్టులో మోటారు మిషన్ నడుస్తోంది. పక్కింట్లో పాత టైల్స్ పగలగొడుతున్నారు. లహరి తలుపు బాదిన చప్పుడును శేషుకుమారి ఆ చప్పుళ్లలో కలిపేసుకుంది. కేకలు ఆమెకు రావు. ముక్కు మూసుకుని పిలిచిన పిలుపు మిషన్ చప్పుడు దాటి రాలేదు. పదింటికి లోపలికి వెళ్లిన పిల్ల బడి లేని రోజు కాబట్టి మేడ మీద ఆడుకుంటోందనుకుంది. పది నలభైకి వెంకాయమ్మగారు జాకెట్టు కోసం వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నాటకాలు మానకుండా చూసిన మనిషి. గుమ్మంలోనే ఆగిపోయింది.

“క్యాసెట్ పెట్టావా అమ్మాయ్?”

“లేదే పిన్నిగారూ.”

“మరి ఆ పాటేంది పెరట్లోంచి? అదుగో, మీ నాన్నగారి పై రాగం. అచ్చు దిగిపోయింది.”

శేషుకుమారికి పెరట్లోంచి ఏమీ రావడం లేదు. టైల్స్ చప్పుడు వస్తోంది. ఒక్క క్షణం నిలబడి, తర్వాత పరుగెత్తింది.

ఫణి పని సంచీలోని కటింగ్ ప్లేర్ తెచ్చి ఆమె గడియ విరగ్గొట్టేసరికి మరో పది నిమిషాలు పట్టింది. లహరి తువ్వాలు చుట్టుకుని మెట్టు మీద కూర్చుంది. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ముక్కు మూసుకుని చెప్పింది. తల్లికి కొన్ని మాటలు, మిగతావి వెంకాయమ్మగారి ద్వారా అందాయి.

“ముందు పిలిచా. తర్వాత తిట్టా. తర్వాత ఏడ్చా. తర్వాత బోరు కొట్టి పాడుకున్నా.”

“ఆ రాగం ఎక్కడ నేర్చుకున్నావే?” అంది వెంకాయమ్మగారు.

“కిష్టయ్య తాత టీ కొట్లో. రోజూ అదే కదా పెట్టేది. చివర రాగం ఒక్కటే నాకిష్టం. ముందుదంతా గొడవ.”

శేషుకుమారి కూతురి వేళ్లకు పసుపు రాసింది. మూడు గజాల దూరంలో పిల్ల నలభై నిమిషాలు తనను పిలిచింది. పసుపు రాయడం అయ్యాక లోపలికి వెళ్లి ఫర్జానాకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఫర్జానా మధ్యలో ఆపింది. “పై రాగం అందా ఆవిడ? పద్యం అనలేదా?”

“రాగమే అంది. ఏం?”

“సోమవారం రండి. ఈలోపు నేనొకటి చూడాలి.”

*

సోమవారం ఫర్జానా టేబులు మీద క్యాసెట్ అట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. రాజు వేషంలో రాఘవులు బొమ్మ, కింద ఆయన పేరు. లహరీ ఫణీ బయట వరండాలో బల్ల మీద కూర్చున్నారు.

“మొదట్లోనే నాకు తట్టాల్సింది,” అంది ఫర్జానా. “పదకొండేళ్ల పిల్లకీ నలభై అయిదేళ్ల మగమనిషికీ తొంభైమూడు పాళ్లు కలవడమేంటి? మనవరాలు అని సరిపెట్టుకున్నా. మొన్న మీరు ఫోన్ చేశాక క్యాసెట్‌ను రెండు ముక్కలు చేశాను. కింది స్థాయిలో పద్యం ఒక ముక్క, పైన రాగం ఒక ముక్క. లహరి గొంతు పద్యంతో నూటికి పద్నాలుగు కలిసింది. రాగంతో తొంభై ఎనిమిది.”

శేషుకుమారి అట్టకేసి చూస్తోంది.

“ఇందులో ఇద్దరున్నారు శేషుగారూ. అట్ట మీద ఒక్క పేరే ఉంది. నేను అట్టను నమ్మాను. మా ఇంట్లో నాటకాలు చూసే అలవాటు లేదు, నాకు తెలియలేదు. జల్లెడ ఇద్దర్నీ ఒకళ్లే అనుకుని తొమ్మిదేళ్లుగా ఇద్దర్నీ ఆపుతోంది. ఆ రెండో మనిషెవరు?”

శేషుకుమారి గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

“నేనండీ.”

శేషుకుమారి అట్టను బోర్లించి చెప్పడం మొదలుపెట్టింది. భర్తకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి.

“నాన్నకి పై స్థాయి అందేది కాదు. తాగుడుతో పోయింది. పద్యం తను చదివేవాడు. చివర రాగం నేను తీసేదాన్ని, సైడు తెర వెనక హార్మోనీ ఆయన పక్కన నిలబడి. నాన్న చెయ్యెత్తి నోరు తెరిచి నిలబడేవాడు.”

“జనానికి తెలిసేది కాదా?”

“ఐదున్నర శ్రుతిలో, అంత పైన, మగాడి గొంతుకీ పన్నెండేళ్ల పిల్ల గొంతుకీ తేడా ఎంత ఉండిద్దండీ, అదీ ఆ మైకుల్లో. తెలిసినోళ్లకి తెలుసు. అట్టా వెనక పాడటం చాలా సమాజాల్లో ఉండేది. ఎవరూ పైకి అనరు.”

“క్యాసెట్ ఇచ్చినప్పుడు నాకు చెప్పాల్సింది.”

“దాచలేదండీ. తట్టలేదు. అది ఆయన పాట. ఆయన పాటకి నేను సాయం పట్టా, అంతే. అట్టాగే చెప్పారు, అట్టాగే అనుకున్నా.” బొటనవేలి గోరును చూసుకుంది. “నాటకం ముందు రోజు నన్ను కొట్టేవాడు కాదు. ఆ ఒక్క రోజు నా మీద దయ కలిగిద్దనుకునేదాన్ని. గొంతు పోతదని కొట్టలేదు.”

ఫర్జానా లేచి కిటికీ వేసింది. తిరిగి వచ్చి చేయాల్సిన పని చెప్పింది. ఇద్దరి గొంతుల్నీ విడదీస్తే తండ్రిది ఆగిపోతుంది, లహరిది లోపలికి వస్తుంది. కానీ క్యాసెట్‌లో ఒక గొంతు తగ్గుతుండగానే రెండోది అందుకుంటుంది. ఆ అతుకులు యంత్రానికి దొరకడం లేదు. ఎవరి ఊపిరి ఎక్కడ ఆగిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో తెలిసిన మనిషి విని గుర్తు పెట్టాలి.

“అది తెలిసింది ఇద్దరికే,” అంది. “ఒకరు లేరు. జల్లెడ తీసేసి వినాలి. పదకొండు నిమిషాలు. ఎన్నిసార్లయినా ఆపొచ్చు. వద్దనుకుంటే వద్దు.”

వరండాలోంచి ఫణి నవ్వు వినపడింది. దేనికి నవ్వాడో, ఆ మాట శేషుకుమారికి రాలేదు.

ఆమె చెవుల వెనక బిళ్లలు రెండూ తీసి పళ్లెంలో పెట్టింది.

*

ఎడమచేతి కింద ఒక మీట, అది తండ్రికి. కుడిచేతి కింద ఒకటి, అది తనకు. ఎవరు పాడుతుంటే ఆ మీట నొక్కి పట్టుకోవాలి. ఫర్జానా తన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది.

పద్యం మొదటి మాటకే శేషుకుమారి మోకాళ్లు లేచి టేబులుకు తగిలాయి. ఆపమంది. నీళ్లు తాగింది. రెండోసారి ఒకటిన్నర పాదం దాకా వినగలిగింది. అరచేతుల చెమటకు మీట జారిపోతుంటే చీరకు తుడుచుకుంది. మూడోసారి మధ్యలో తలెత్తింది.

“ఆపండి. అది మళ్లీ పెట్టండి.”

ఫర్జానా పెట్టింది.

“శ్రుతి తప్పుతన్నాడు,” అంది శేషుకుమారి. “మూడో పాదం దగ్గర వినండి. హార్మోనీ ఆయన కప్పుతన్నాడు. నాన్న దిగిపోతే ఆయనా దిగి అందుకుంటన్నాడు.”

“నాకు తెలియడం లేదు.”

“నాకూ అప్పట్లో తెలియలా.”

అక్కణ్ణుంచి ఆమె విన్న తీరు మారింది. ఎవరో కుట్టి పాడుచేసిన జాకెట్టు తన దగ్గరికి వస్తే ఎలా చూస్తుందో అలా విన్నది. ఏ కుట్టు ఎక్కడ వదులు, ఏ ముక్క ఎక్కడ అతికారు, ఎక్కడ ముడత పడకుండా లోపలికి మడిచారు. తండ్రి మూడో పాదానికే ఊపిరి అప్పు చేస్తున్నాడు. నాలుగో పాదం చివరి అక్షరం సగం మింగాడు. ఆ సగంలో ఒక పిల్ల అందుకుంది. శేషుకుమారి ఎడమచెయ్యి వదిలి కుడిచెయ్యి నొక్కింది.

రాగం పైకి వెళ్లింది. తడబడలేదు. జనం మొదలుపెట్టారు. చప్పట్లు, ఈలలు, వన్స్‌మోర్.

రెండోసారి పద్యం వచ్చింది. ఆమె ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఆఖరిదాకా నడిపింది, ఆపమనకుండా. మళ్లీ రాగం వచ్చింది. ఈసారి ఆ పిల్ల దిగాల్సిన చోట దిగలేదు. ఆగినట్టే ఆగి, మళ్లీ పైకెక్కి, అక్కడ ఒక గిరికీ కొట్టి, ఎవరూ చూడని దారిన కిందికి వచ్చింది. మైకుకు దగ్గరగా ఒక మగగొంతు కిసుక్కున నవ్వింది.

శేషుకుమారి రెండు చేతులూ ఎత్తేసింది.

“ఏమైంది?” ఫర్జానా కుర్చీ తిప్పింది.

“నవ్వింది హార్మోనీ ఆయన. ఆ సంగతి ఎవరూ నేర్పింది కాదండీ. అప్పటికప్పుడు నేనే వేశా.” ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నవ్వుతోంది. “ఆడుకుంటన్నా. వినండి, ఆ పిల్ల ఆడుకుంటంది.”

“చాలా బాగుంది,” అంది ఫర్జానా.

“నాన్న నోరు మూసేశాక కూడా రాగం నడిచింది కదా. ముందు వరసల్లోవాళ్లు నవ్వారంట. దానికే కొట్టాడు. ఈ నాలుగు గుర్తులూ ఆ రోజువే. దెబ్బలు గుర్తున్నాయి నాకు, పట్టీ గుర్తుంది, ఏ గోడ దగ్గర నిలబడ్డానో గుర్తుంది. ఇంత బాగా పాడానని గుర్తులేదు.” కళ్లు తుడుచుకుంది. “ఆ ముక్క మళ్లీ పెట్టండి.”

“గుర్తు పెట్టడం అయిపోయింది కదండీ.”

“గుర్తుకి కాదు. వినడానికి.”

ఫర్జానా నాలుగుసార్లు పెట్టింది.

కొత్త లెక్క బిళ్లల్లోకి ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఫర్జానా మిగతా అరవైరెండు నమూనాల జాబితా బయటికి తీసింది. అన్నిటినీ మొదట్నుంచి మళ్లీ వినాలంది. ఎవరి నమూనాలో ఇంకెవరున్నారో, వాళ్లకు ఏ మాట అందకుండా పోయిందో. ఆ పని ఆ సాయంత్రమే మొదలుపెడతానంది. తర్వాత బిళ్లలు శేషుకుమారి చెవుల వెనక పెట్టి, సరిచూడటానికి క్యాసెట్‌ను ఒకసారి మొదట్నుంచి ఆఖరిదాకా నడిపింది. పద్యం ఉండాల్సిన చోట హార్మోనియం ఒక్కటే మోగింది, ఎవరికోసమో కిందికి దిగుతూ. రాగం పూర్తిగా వచ్చింది. రెండుసార్లూ వచ్చింది.

“ఇక బయటికి వెళ్లండి,” అంది ఫర్జానా.

*

తలుపు ఓరగా వేసి ఉంది. శేషుకుమారి దాని వెనక ఆగింది. వరండాలో ఎవరో మాట్లాడుతున్నారు.

“...అందుకని ఇయ్యాల కుదరకపోయినా నువ్వేం దిగులు పెట్టుకోబాక నాన్నా. నాకు అలవాటైపోయింది. ఒక రకంగా ఇదే హాయి. లెక్కల్లో పన్నెండొచ్చినయ్యని అమ్మ ఎదురుగానే చెప్పా. తలూపి, మంచిది అంది.”

“ముక్కు మూసుకుని చెప్పావా?”

“నాకేమన్నా పిచ్చా?”

ఫణి నవ్వాడు. లహరి ఇంకా చెబుతోంది. లెక్కల టీచరు గురించి, టీచరు స్కూటీ గురించి, ఆ స్కూటీ సీటు మీద ఎవరో పోసిన చింతపండు పులుసు గురించి. శేషుకుమారి తలుపు వెనక నిలబడి రెండు నిమిషాలు విన్నది. కొంచెం బొంగురు గొంతు. మాట చివర పైకి లాగుతుంది. భయపడాల్సింది అందులో ఏమైనా ఉందేమో అని ఆమె వెతికింది. దొరకలేదు.

వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంది. లహరి తల్లి మొహంలోకి చూసి, తండ్రితో అంది. “ఏడ్చింది నాన్నా. కుదిరినట్టు లేదు. హోటల్లో ఇడ్లీ తినిపించు, కాస్త తేరుకుంటది. ఇంటికెళ్తే మళ్లీ ఆ చారే.”

“ఏమంటోందండీ?” అంది శేషుకుమారి.

“డాక్టరమ్మ మంచావిడంట.”

“ఎంత బాగా అబద్ధమాడతావు నాన్నా,” అంది లహరి మెచ్చుకోలుగా.

శేషుకుమారి చీర కుచ్చెళ్లు సర్దుకుంది. “పన్నెండు ఎంతకి? ఇరవై అయిదుకా, యాభైకా?”

“ఇరవై అయి...” లహరి ఆగిపోయింది.

ఫణి ముందు భార్యను చూశాడు, తర్వాత కూతుర్ని చూశాడు, తర్వాత లేచి నీళ్ల కుండ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

“ఎప్పట్నుంచి వింటన్నావు?” అంది లహరి.

“స్కూటీ సీటు కాణ్ణుంచి. అంతకు ముందునుంచీ కూడా.”

“ఎంత వినపడతంది?”

“అంతా.”

“తాత లాగా ఉందా?”

“లేదు.”

“నిజంగా?”

“నా లాగా ఉందంట. చిన్నప్పుడు నేను పాడేదాన్ని. ఇంటికెళ్లాక చెప్తా.”

లహరి తల్లి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. లోపల ఏదో కూడికలు తీసివేతలు చేస్తున్నట్టు కళ్లు పైకి తిప్పింది.

“అమ్మా, చారు గురించి నేను ఏడు నెలల్లో ఏమేమి అన్నానో అదంతా వదిలేద్దాం,” అంది.

“వదిలేద్దాం.”

“మిగతాయి చెప్తా.”

మొదటి ఇడ్లీ దగ్గర ఫిబ్రవరి మొదలైంది. బస్సు ఎక్కేసరికి మార్చి పరీక్షలు నడుస్తున్నాయి. మధ్యలో ఒక స్నేహితురాలితో గొడవ, రాజీ, మళ్లీ గొడవ. శేషుకుమారి మధ్యలో అడ్డం రాలేదు, ఎవరు ఎవరో తెలియనప్పుడు తప్ప. ఫణి వెనక సీట్లో కిటికీకి తలానించి నిద్రపోయాడు. ఏడు నెలల తర్వాత ఆయనకు పని లేదు. చింతపండు పులుసు పోసింది ఎవరో దుగ్గిరాల చేరకముందే తెలిసింది. దాన్ని చెప్పడానికి లహరి లేచి నిలబడాల్సి వచ్చింది.

కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి ఆగాడు.

“పాపా, కాస్త గొంతు తగ్గించుకోమ్మా. బస్సంతా మీ బడి కథలే.”

లహరి తల్లికేసి చూసింది.

“తగ్గించదండీ,” అంది శేషుకుమారి. “మీకు వినపడకుండా ఉండాలంటే చెప్పండి, మంగళగిరిలో ఒకావిడ ఉంది, అడ్రసిస్తా. నువ్వు చెప్పవే. టీచరు లేచి నిలబడ్డాక ఏమైంది?”

ముందు సీటులో ఒక ముసలాయన కూడా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. బస్సు కాలవ దాటింది. లహరి ఏప్రిల్‌లోకి వచ్చింది.